ఇంట్లోనే ఉంటావుగా, ఏం చేస్తున్నావ్?

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేము క్షేమం. మీ పెదనాన్న మోకాళ్ళ సంగతి మామూలే.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటాను నేను. "అక్కా, వీడు ఉద్యోగం మానేస్తాడట, ఇంట్లో కూర్చుని పిల్లల్ని చూసుకుంటాడట" అని ఒకటే ఏడుపు. ఓస్ అంతేనా అన్నాను. అలా అన్నందుకు నామీద కోపమొచ్చి టక్కున పెట్టేసింది. తీరా తను పెట్టేశాక నేను పొయ్యి మీద పప్పు సంగతి మర్చిపోయి అక్కడే కూలబడ్డాను. మా పుట్టింటి వైపు మగపిల్లాడొకడు పిల్లల ముడ్లు కడగడానికి జీతం వదులుకుంటున్నాడంటే గర్వంగానే ఉందిరా. భయంగానూ ఉంది. గర్వం సంగతి నిన్ను చూసినప్పుడు చెబుతాలే. భయం సంగతి మాత్రం రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

మీరిద్దరూ ఆలోచించుకునే చేసుంటారు. యాభై మందీ, ఆ పైనా పనిచేసే ఆఫీసుల్లో పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలని 2017లో చట్టంలో పెట్టారు కదా, అడగలేదా అన్నాను మీ అమ్మని. ఉంది గానీ పసివాణ్ణి రోజూ రానూపోనూ మూడు గంటలు ట్రాఫిక్‌లో తిప్పలేమన్నారట. అదీ నిజమే.

పొద్దుటి పనులు నీకు కొత్తేం కాదు. పిండి రాత్రే రుబ్బుకో. పెద్దదాని బ్యాగు రాత్రే సర్దు, యూనిఫాం కుర్చీ మీద వేసిపెట్టు. వ్యాను రావడానికి పావుగంట ముందే బూట్లు తొడుగు, అసలు యుద్ధమంతా ఆ బూట్ల దగ్గరే. తర్వాత బుడ్డోడి స్నానం. నూనె రాయి, సున్నిపిండి పెట్టు, సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. నేను నా ఇద్దరికీ గంప బోర్లించి మరీ వేశాను. మనవరాలికి వేయబోతే పిల్లల డాక్టరమ్మ ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదని కేకలేసింది. ఇప్పుడు దేవుడికి మాత్రమే వేస్తున్నాను, ఆయనకి డాక్టర్లు అడ్డం రారు.

బుడ్డోడికి తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్-రుబెల్లా టీకా, దాంతోపాటు విటమిన్ ఏ చుక్కలు. క్యాలెండర్ మీద ఇప్పుడే గుండ్రం చుట్టు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళలోనే మొత్తం పొట్లం కలపాలి. పెద్ద పొట్లమైతే లీటరు. గ్లాసుకి కాస్త కాస్త అని చిటికెలు వేయకు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, మీ అమ్మ నాకిస్తానంటే నా పేరు చెప్పు. పెద్దదానికి కూడా పల్లీలూ గుండు శనగలూ గుప్పిట్లో పొయ్యకు, దంచి పెట్టు.

ఇక తిట్లు. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుందని నీకు గుర్తుందా? కోడలి ఆఫీసు బీమాలో నీ పేరు, పిల్లలిద్దరి పేర్లు ఎక్కించాకే రాజీనామా ఇవ్వు. మధ్యలో ఒక్క నెల ఖాళీ ఉన్నా ఆ నెలలోనే జ్వరాలొస్తాయి. ఇంకోటి, నెలనెలా నీ అకౌంట్లో ఇంతని పడేలా ఇద్దరూ మాట్లాడుకోండి. సిగ్గుపడకు. నేను ముప్పై ఏళ్ళు పోపుల డబ్బాలో జీలకర్ర కింద దాచుకున్న నోట్లతో సంసారం చేశాను. మీ పెదనాన్న పిసినారి కాదు, అడిగితే ఎప్పుడూ లేదనలేదు. కానీ అడగాలిగా. లోదుస్తులు కొనుక్కోవడానికి మొగుణ్ణి డబ్బులడిగిన ఆడదానికి తెలుస్తుంది ఆ బాధ. రేపు నీ షేవింగ్ బ్లేడ్లకి నువ్వూ అడుగుతావు, అప్పుడు నన్ను తలుచుకుంటావు.

పదకొండు ప్రాంతంలో బుడ్డోడు పడుకుంటాడు. ఆ గంటలోనే బట్టలు మడతపెట్టాలి, సింకు ఖాళీ చెయ్యాలి, కూరగాయలు తరగాలి అనిపిస్తుంది. ముందు తిను. కూర్చుని, కంచంలో వడ్డించుకుని తిను. నేనా వయసులో పిల్లలు వదిలేసిన పెరుగన్నం గట్టు దగ్గర నిలబడి మింగి, అదే భోజనమనుకునేదాన్ని. ముప్పై రెండేళ్ళకి కళ్ళు తిరిగి పడిపోతే రక్తం ఏడే ఉందన్నారు. పన్నెండు ఉండాలి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను కూర్చుని రాస్తోంది మాత్రం ఇంకో సంగతి కోసం. ఇది మీ అమ్మకి కూడా తెలియదు, చదివాక నువ్వూ చెప్పకు.

1986 మే నెల. తెనాలిలో ఇప్పుడున్న ఇల్లు కాదు, కాలవ పక్కన అద్దె వాటా. మీ అన్నయ్యకి నాలుగేళ్ళు, మీ అక్కకి ఏడాదీ ఎనిమిది నెలలు. గ్యాసుకి పేరు రాయించి ఏళ్ళు గడుస్తున్నాయి, మా వంతు రాలేదు. వంటంతా కిరసనాయిలు పొయ్యి మీదే. రేషన్ షాపులో డబ్బాకి పోయించుకుని, పొయ్యిలో పోసుకోవడానికి వీలుగా ఉంటుందని గరాటు పెట్టి ఒక సీసాలోకి వంచుకునేదాన్ని. అది సుగంధి షర్బతు సీసా. అలాంటి సీసాలోంచే మధ్యాహ్నం పూట పిల్లలకి షర్బతు కలిపిచ్చేదాన్ని. నాకు తెలివి ఎంతుందో చూడు.

ఆ వేళ మీ అన్నయ్యకి జ్వరం, ముందు గదిలో మూలుగుతున్నాడు. నేను పొయ్యిలో నూనె పోసి, సీసా గట్టు కింద పెట్టి, వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చడానికి వెళ్ళాను. ఎంతసేపు? గుడ్డ పిండి వేసినంతసేపు. దగ్గు వినబడి వచ్చేసరికి సీసా దొర్లి ఉంది, మీ అక్క గౌను తడిసిపోయింది, నోరంతా కిరసనాయిలు వాసన. పక్కవాటా మామ్మగారు పరుగున వచ్చి ఉప్పునీళ్ళు తాగించి కక్కించమంది. తాగించాను. గొంతులో వేలు పెట్టాను. కక్కింది. దాంతో పోయిందిలే అనుకున్నాం ఇద్దరమూ.

ఇప్పటిదాకా చేసింది తెలివితక్కువతనం. తర్వాత చేసింది తప్పు. పిల్లకి సబ్బుతో మూతి కడిగాను. గౌను మార్చాను. మెడకి, వీపుకి పౌడరు దట్టంగా రాశాను, వాసన రాకుండా. గట్టు కింద నేల రెండుసార్లు తుడిచాను. మామ్మగారితో ఆయనకి చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను.

ఎందుకో తెలుసా? అంతకు మూడు రోజుల ముందు మీ పెదనాన్న ఆఫీసుకి బయల్దేరుతూ చొక్కాకి గుండీ లేదని చూసి, "ఇంట్లోనే ఉంటావుగా, పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావ్?" అన్నారు. అరిచి కూడా అనలేదు. మామూలుగా అడిగారు. ఆ మాట నా చెవిలోనే ఉంది. ఇప్పుడు ఈ సంగతి చెబితే మళ్ళీ అదే అడుగుతారు, ఈసారి నా దగ్గర జవాబు లేదు.

ఒంటిగంటకి భోజనానికొచ్చారు. పిల్ల దగ్గుతుంటే ఏమిటన్నారు. జలుబు చేసిందన్నాను. పెరుగు వేయించుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. గుమ్మం దాకా వెళ్ళి నేను పిలవలేదు. నాలుగయ్యేసరికి పిల్ల డొక్కలెగరేస్తోంది, ఊపిరికొక మూలుగు. అప్పుడు రిక్షాలో పడేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఎప్పుడు తాగిందమ్మా అని ఆయనడిగితే, ఇందాకే అన్నాను. అక్కడ కూడా అబద్ధమే! ఆయన పిల్ల ఛాతీ చూసి, నా ముఖం చూసి, మళ్ళీ అడిగారు. అప్పుడు చెప్పాను, పదకొండింటికని. కక్కించావా అన్నారు. అవునన్నాను.

టాక్సీ మాట్లాడుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాం. పాతిక కిలోమీటర్లు. దారి పొడుగునా పిల్ల మూలుగు తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఎక్స్‌రే తీసి కుడి ఊపిరితిత్తికి నిమ్మొచ్చిందన్నారు. కిరసనాయిలు పల్చటిది, కడుపులో ఉన్నప్పటికంటే కక్కుతో పైకొచ్చేటప్పుడే ఊపిరి గొట్టంలోకి జారి ఎక్కువ చేటు చేస్తుందట. కక్కించకుండా, కూర్చోబెట్టి, నేరుగా తీసుకురావాల్సింది అన్నారు. అయిదు రోజులు ఆక్సిజన్ పెట్టి ఉంచారు. బతికింది. ఇప్పుడు నామీదే అరుస్తుంది కదా, ఆ గొంతు అప్పుడు మిగిలిన గొంతే.

మీ పెదనాన్న తిట్టలేదురా. ఆసుపత్రి వరండాలో బల్లమీద నా పక్కన కూర్చుని ఒక్కటే అడిగారు, "మధ్యాహ్నం నేను అన్నం తింటున్నప్పుడు కూడా నీకు తెలుసా?" అని. తెలుసన్నాను. ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు గుంటూరులోనే సూదీ దారం కొనుక్కుని ఆ చొక్కాకి గుండీ ఆయనే కుట్టుకున్నారు, వంకరగా. అది నేను సరిచెయ్యలేదు.

అందుకే చెబుతున్నా. మీ ఇంట్లో కిరసనాయిలు లేదు. బాత్రూంలో యాసిడ్ సీసా ఉంది, గోడకి దోమల మందు ఉంది, సింకు కింద గిన్నెల సబ్బు ద్రవం ఉంది. ఏదీ తాగే సీసాలోకి వంచొద్దు, పనమ్మాయి వంచినా ఊరుకోవద్దు. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో చిన్న గుండీ బ్యాటరీలుంటాయి చూడు, వాటి మూతలకి స్క్రూ ఉందో లేదో చూసుకో. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలడం మొదలవుతుందట, అరటిపండు పెట్టి దిగిపోతుందిలే అని చూడకూడదు. బాత్రూంలో బకెట్ బోర్లించే ఉంచు, పసివాడు మునగడానికి జానెడు నీళ్ళు చాలు. ఏం జరిగినా 108కి చెయ్యి, ఏ వేళకి జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు.

కోడలికి కూడా చెప్పు. ఆ సాయంత్రమే చెప్పు. మంచం మీంచి పడ్డాడా, పడ్డాడను. పెద్దదాని మీద చెయ్యి చేసుకున్నావా, చేసుకున్నానను. చేసుకుంటావు, నాకు తెలుసు, ఏదో ఒక మధ్యాహ్నం మూడింటికి. నేనూ చేసుకున్నాను. అది పడుకున్నాక దాని పక్కన కూర్చుని ఏడుస్తావు కూడా. ఏడు. కానీ దాచుకోకు.

నిన్ను ఆ మాట ఇంకో రకంగా అడుగుతారు. పెళ్ళిళ్ళలో మీ బాబాయిలు "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని, జవాబు ముందే తెలిసీ అడుగుతారు. సాయంత్రం పిల్లల్ని ఆడించడానికి కిందికి దిగితే ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నది ఆపేస్తారు. నాలుగు రోజులాగు, బుడ్డోడి విరేచనం సంగతి నువ్వే ఎత్తు, వాళ్ళే జరిగి చోటిస్తారు. ఇంకొందరు నిన్ను తెగ పొగుడుతారు. అదే నోటితో "పాపం, తల్లి ఆఫీసులకి తిరుగుతోంది" అంటారు. ఆ పొగడ్త తిన్నావంటే ఆ పిల్లకి తగులుతుంది, గుర్తుంచుకో. 2019లో ప్రభుత్వం లెక్కలు తీస్తే ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలిందని పేపర్లో చదివి మీ పెదనాన్నకి వినిపించాను. ఆ 97 ఎవరు చేస్తున్నారట అన్నారు! నిజాయితీ గల మనిషి.

కోడలు సాయంత్రం తలుపు తియ్యగానే బుడ్డోణ్ణి చేతిలో పెట్టెయ్యకు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగనివ్వు. ఆ పది నిమిషాల కోసం నేనూ మీ పెదనాన్నా ఎన్ని సాయంత్రాలు పాడుచేసుకున్నామో. ఆ తర్వాత మాత్రం గంటసేపు పిల్లలు తన దగ్గర, నువ్వు బయట. సిగరెట్టుకి కాదు. నడవడానికి.

వచ్చే గురువారం రాత్రి నారాయణాద్రి ఎక్కి శుక్రవారం పొద్దున లింగంపల్లిలో దిగుతాను. స్టేషన్‌కి నువ్వు రాకు, అది పిల్ల స్కూలు వేళ, ఆటో నేనే మాట్లాడుకుంటాను. బుడ్డోడికి రాగిపిండి, కొట్టించిన సున్నిపిండి, నీకు గోంగూర పచ్చడి తెస్తున్నాను. వారం ఉంటాను. రాగానే కాఫీ ఇస్తావని తెలుసు గానీ, ముందు సింకు కింద అర తెరిచి చూస్తాను.

మీ
పెద్దమ్మ