పెట్రోల్ ముల్లు పడిపోతే ఫ్లోట్ మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నాది 2016 నాటి 125 సీసీ కార్బ్యురేటర్ బండి. ట్యాంకు నిండా కొట్టించినా ముల్లు ఎంప్టీ దగ్గరే ఉంటోంది. గతుకుల్లో ఒక్కోసారి సగానికి లేచి మళ్లీ పడిపోతోంది. ఆన్‌లైన్‌లో కొత్త ఫ్లోట్ (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ముల్లుకి చెప్పే భాగం) తెప్పించాను. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నేనే మార్చుకోవచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చుకోవచ్చు. బాల్కనీలో మాత్రం వద్దు.

ముందు తప్పు ఫ్లోట్‌దేనా అన్నది తేల్చుకోండి. బండి ఆపి తాళంచెవి తీసేసి, ట్యాంకు కింద ఫ్లోట్ వైర్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీయండి. పిన్నులకు చిలుము పట్టిందేమో చూడండి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది, శుభ్రం చేసి బిగిస్తే ముల్లు లేస్తుంది. పిన్నులు బాగుంటే మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే సెట్టింగ్‌లో) పెట్టి ట్యాంకు వైపు వైర్లకు ఆనించి, బండిని అటూఇటూ ఊపండి. పెట్రోలు మీద తేలే బుడగ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రెసిస్టెన్స్ కొద్దికొద్దిగా మారాలి. మధ్యమధ్య రీడింగే లేకుండా పోతుంటే ఫ్లోట్ లోపలి రెసిస్టెన్స్ పట్టీ అరిగినట్టే. మీ ముల్లు గతుకుల్లో లేచి పడుతోందంటే, ఈ రెంటిలో ఒకటి అయ్యుంటుంది.

ఇక అసలు సంగతి. ట్యాంకు ఖాళీ చేశాం కదా, భయం లేదనుకుంటారు చాలామంది. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఒంపేశాక మిగిలిన తడి ఆవిరై, గాలితో సరిగ్గా ఆ పాళ్లలో కలుస్తుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ గడప దాటి వంటింటి స్టవ్ దాకా, ఫ్రిజ్ దాకా, దేవుడి గదిలో దీపం దాకా వెళ్లగలదు. బాల్కనీ వద్దన్నది అందుకే. సెల్లార్ పార్కింగ్ అంతకన్నా వద్దు, ఆవిరి పోయే దారే ఉండదక్కడ. గాలాడే ఆరుబయట, పగటి వెలుతురులో, పిల్లల్ని దూరంగా ఉంచి చేయండి. పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గానీ బకెట్టు ఇసుక గానీ పక్కన ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట తేలుతూ ఇంకా పరుచుకుంటుంది.

ఇంజను బాగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి, చివర్లో బిగించండి. పెట్రోలు రిజర్వ్‌కి వచ్చేదాకా బండి వాడేసి, మిగిలింది మూత ఉన్న లోహపు డబ్బాలోకి దింపండి. నీళ్ల సీసాల్లోకి వద్దు, ఎవరైనా తాగే ప్రమాదం ఉంది. పెట్రోలు కాక్ (ట్యాంకు కింది ట్యాప్) మూసి, పైపు, కప్లర్ విప్పి ట్యాంకు ఎత్తండి. మెత్తటి గుడ్డ మీద బోర్లించి ఫ్లోట్ నట్లు తీయండి. పాత ఫ్లోట్ ఏ వాలులో ఉందో విప్పకముందే ఫొటో తీసుకోండి. బుడగని పట్టుకున్న చేతికమ్మి వంగకుండా మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. కొత్తదాన్ని కూడా అంతే జాగ్రత్తగా దించాలి. వంగితే ముల్లు జీవితాంతం తప్పే చూపిస్తుంది.

రబ్బరు సీల్ తప్పకుండా కొత్తది వేయండి. మొదటిసారి నేను బాగానే ఉంది కదా అని పాతదే వేశాను. రాత్రంతా చుక్కచుక్కగా కారి, తెల్లారేసరికి ఇల్లంతా పెట్రోలు వాసన. ఆ రాత్రి ఏమీ కాలేదంటే అదృష్టమే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరుకి అది అంతగా పడదు. మామూలు సిలికాన్ జిగురు పూయొద్దు, పెట్రోలుకి అది ఉబ్బి ఊడొస్తుంది. నట్లు ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించండి. ముందు లీటరు మాత్రమే పోసి అరగంట ఆగి, సీల్ చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. తడి తగలకపోతేనే బ్యాటరీ వైరు కలపండి.

ప్రశ్న: నాది 2021లో కొన్న ఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండి. ఇదే పద్ధతేనా?
– ఖమ్మం నుంచి మరో పాఠకుడు

జవాబు: కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావాటికి ఫ్లోట్, పెట్రోలు పంపు ఒకే యూనిట్‌లో ఉంటాయి. ఇంజను ఆపినా పైపులో ప్రెషర్ నిలిచే ఉంటుంది, క్లిప్పు తీయగానే పెట్రోలు కళ్లలోకి చిమ్మగలదు. కప్లర్ శుభ్రం చేయడం వరకు మీరు చూసుకోండి. ఆపైన సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.