లైన్ ఇన్ శబ్దం అప్పటికప్పుడే స్పీకర్లలో వినిపించాలంటే

మీ ఎలక్ట్రానిక్ కీబోర్డును కంప్యూటరులోని లైన్ ఇన్‌కు (బయటి పరికరాల శబ్దాన్ని లోపలికి తీసుకునే సాకెట్) కలిపితే రికార్డింగ్ సరిగానే జరుగుతోందని, వాయిస్తున్నంతసేపూ స్పీకర్లలో మాత్రం ఏమీ వినిపించడం లేదని అడిగారు. ఇందులో లోపమేమీ లేదు. విండోస్‌లో లోపలికి వచ్చిన శబ్దం దానంతట అది స్పీకర్లకు వెళ్ళదు, మనమే మళ్ళించాలి.

ఇందుకు ఎక్కువమంది చెప్పే మార్గం కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో లైన్ ఇన్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, లిజన్ ట్యాబ్‌లో ‘లిజన్ టు దిస్ డివైస్’ దగ్గర టిక్కు పెట్టి, కింది జాబితాలో స్పీకర్లను ఎంచుకోవడం. పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకున్నప్పుడు నేను ఇదే వాడాను. క్యాసెట్టు పాట కాస్త ఆలస్యంగా వినిపించినా తెలియదు కనుక ఇబ్బంది కలగలేదు. కీబోర్డు విషయం వేరు: మీట నొక్కిన తర్వాత ఎప్పుడో స్వరం పలుకుతుంది, కొంచెం వేగం పెంచితే చేతికీ చెవికీ పొత్తు కుదరదు. శబ్దాన్ని అంకెలుగా మార్చి, బఫర్‌లో (ఆ అంకెలను కాసేపు నిలిపి ఉంచే చోటు) కొంత పోగయ్యాకే ముందుకు పంపడం దీనికి కారణం. సెకనుకు 48,000 శాంపిళ్ళ (శబ్దాన్ని కొలిచిన అంకెల) లెక్కన 480 శాంపిళ్ళ బఫర్ నిండడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది. అలాంటి బఫర్లు శబ్దం వచ్చే దారిలోనూ పోయే దారిలోనూ ఉంటాయి.

అందువల్ల ముందుగా అదే సౌండ్ విండోలోని ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్ల ప్రాపర్టీస్ తెరిచి, లెవెల్స్ ట్యాబ్ చూడమంటాను. కొన్ని సౌండ్ డ్రైవర్లలో (సౌండ్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అక్కడ లైన్ ఇన్‌కు విడిగా ఒక స్లైడరు, పక్కనే మ్యూట్ గుర్తుతో స్పీకరు బొమ్మ ఉంటాయి. ఆ మ్యూట్ తీసేస్తే శబ్దం విండోస్ దాకా వెళ్ళకుండా సౌండ్ చిప్‌లోనే స్పీకర్ల వైపు తిరుగుతుంది, ఆలస్యం చెవికి తెలియదు. ఎవరూ అటు చూడరు గానీ, నాకు పనికొచ్చింది అదే. ఆ స్లైడరు మీ కంప్యూటరులో కనిపించకపోతే డైరెక్ట్ మానిటర్ సౌకర్యం (లోపలికి వచ్చిన శబ్దాన్ని కంప్యూటరు దాకా పోనివ్వకుండా నేరుగా వినిపించడం) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటరుకు బయట తగిలించే సౌండ్ పరికరం, కొనుక్కోవడం మేలు. లినక్స్‌లో అయితే, శబ్దాన్ని నడిపే పల్స్‌ఆడియో అనే సాఫ్ట్‌వేర్‌లోని లూప్‌బ్యాక్ మాడ్యూల్ లోపలికి వచ్చిన శబ్దాన్ని స్పీకర్లకు మళ్ళిస్తుంది, కానీ అది మామూలుగా 200 మిల్లీసెకన్ల ఆలస్యంతో మొదలవుతుంది కాబట్టి ఆ విలువను తగ్గించుకోవాలి.

కేబులు నీలిరంగు లైన్ ఇన్ సాకెట్‌లోనే ఉందో లేదో చూసుకోండి. గులాబీ రంగు మైక్ సాకెట్‌లో పెడితే కీబోర్డు శబ్దం బరబరలాడుతుంది. లెవెల్స్‌లో మ్యూట్ తీశాక లిజన్ టిక్కు కూడా తీసేయండి, రెండూ ఉంటే ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తుంది.