మోనో అన్నారు, మందు లేదన్నారు... తమ్ముడు ఫుట్‌బాల్ ఆడొచ్చా?

19 ఏళ్ల తమ్ముడికి వారం దాటినా జ్వరం, గొంతు నొప్పి తగ్గట్లేదు, యాంటీబయాటిక్ వేస్తే ఒంటినిండా దద్దుర్లు వచ్చాయి, డాక్టర్ మోనో (ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జబ్బు) అయ్యుండొచ్చు అంటూనే దీనికి మందు లేదన్నారు, వచ్చే నెల ఫుట్‌బాల్ పోటీలున్నాయి, ఇంట్లో అందరికీ అంటుకుంటుందా అని కదండీ మీరు అడిగింది. నాకు ఇంచుమించు అదే వయసులో, హాస్టల్లో ఉండగా వచ్చింది. నేను డాక్టర్ని కాను, పడి లేచినవాడిగా చెప్తున్నాను. జ్వరం ఉన్నన్నాళ్లు ఎలాగూ మంచం దిగడు కాబట్టి మీకు పెద్ద పని ఉండదు. జ్వరం తగ్గి, "నాకేం లేదు, బాగానే ఉన్నా" అని తిరగడం మొదలుపెట్టాడు చూశారా, అప్పుడు కాపలా కాయాలి.

మొదట్లో దీన్ని మామూలు గొంతు ఇన్ఫెక్షన్ అనుకోవడం సహజమే. టాన్సిల్స్ ఉబ్బి వాటిమీద తెల్లగా పొర కడుతుంది, బ్యాక్టీరియా వల్ల వచ్చే స్ట్రెప్ గొంతు నొప్పిలోనూ అలాగే ఉంటుంది మరి. తేడా తెలియాలంటే మెడ తడిమి చూడాలి. స్ట్రెప్‌లో ఎక్కువగా దవడ కింద, మెడ ముందు వైపు బిళ్లలు కడతాయి, మోనోలో మెడ వెనక వైపు కూడా వరసగా చేతికి తగులుతాయి. నాకు దిండు మీద తల ఆనిస్తే చాలు నొప్పి పుట్టేది. కొందరికి అంగిట్లో చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తాయి, పొద్దున లేచేసరికి పైరెప్పలు రాత్రంతా ఏడ్చినట్టు ఉబ్బి ఉంటాయి. ఇక నీరసం గురించి ఎంత చెప్పినా తక్కువే. పళ్లు తోముకుంటూ మధ్యలో గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి.

సీబీపీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం ఒకసారి తీయండి. తెల్లకణాల్లో లింఫోసైట్లు అనే రకం సగం దాటి, ఎటిపికల్ (మామూలు ఆకారం మారిన) లింఫోసైట్లు 10 శాతం పైన ఉన్నాయని రాసుంటే దాదాపు మోనో అనే అనుకోవచ్చు. మోనోస్పాట్ అనే రక్తపరీక్ష ఫలితం త్వరగానే వస్తుంది గానీ మొదటి వారంలో జబ్బుండి కూడా నెగెటివ్ రావడం మామూలే, అది చూసి మోనో కాదని కొట్టిపారేయకండి. ఇంకా అనుమానం ఉంటే ఈబీవీ, అంటే ఎక్కువగా మోనో తెచ్చే ఎప్‌స్టైన్-బార్ వైరస్ మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు చూస్తారు. అందులో వీసీఏ ఐజీఎం (మొదట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చి, ఈబీఎన్ఏ (ఆలస్యంగా పుట్టేది) నెగెటివ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఈమధ్యే వచ్చిందని. ఒక్క ఐజీజీ (ఒకసారి వస్తే ఒంట్లో ఉండిపోయే యాంటీబాడీ) పాజిటివ్ చూసి మాత్రం కంగారుపడొద్దు, పెద్దవాళ్లలో 90 శాతం పైగా మందికి అది పాజిటివే ఉంటుంది, చిన్నప్పుడెప్పుడో తెలియకుండానే వచ్చి పోయుంటుంది. సైటోమెగాలో వైరస్, టాక్సోప్లాస్మా, కొత్తగా సోకిన హెచ్ఐవీ కూడా మొదట్లో ఇలాగే కనపడతాయి కాబట్టి, ఈబీవీ నెగెటివ్ వస్తే డాక్టర్ ఆ పరీక్షలు కూడా రాయొచ్చు, వేరేగా అనుకోకండి.

దద్దుర్ల సంగతికొస్తే, మీవాడికి ఇచ్చింది అమాక్సిసిలిన్ గానీ యాంపిసిలిన్ గానీ అయ్యుంటుంది, ఒకసారి షీటు మీద పేరు చూడండి. మోనోలో ఇవి వేస్తే చాలామందికి ఒళ్లంతా ఎర్రగా పేలుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ ఎలాగూ పనిచేయదు, కాబట్టి డాక్టర్‌కి చెప్పి ఆపేయించండి. పెన్సిలిన్ పడదని జీవితాంతానికి ముద్ర వేసుకోనక్కర్లేదు, కోలుకున్నాక నిజంగా అలర్జీయేనా అని తేల్చుకోవచ్చు. పెదవులు, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.

మందు లేదంటే వైరస్‌ను చంపే మందు లేదని. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ ఉంది, డాక్టర్ చెప్పిన డోసు దాటకుండా వేయండి, ఎందుకంటే ఈ జబ్బులో లివర్ కూడా కాస్త వాస్తుంది, ఎల్ఎఫ్‌టీ అనే లివర్ పరీక్ష చేయిస్తే చాలామందికి ఎక్కువే వస్తుంది. అందుకే కోలుకునేదాకా మద్యం ముట్టకూడదు. ఆ వయసువాళ్లకి ఆస్పిరిన్ కూడా వద్దు. గొంతుకి గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. మింగలేక నీళ్లు తాగడం మానేస్తారు, అదే అసలు చిక్కు, గుక్కెడు గుక్కెడు చొప్పున తాగిస్తూ ఉండండి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, ఊపిరి తీసుకుంటే గురగుర శబ్దం వస్తున్నా టాన్సిల్స్ దారి మూసేస్తున్నాయని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్లు అలాంటప్పుడే ఇస్తారు. గొంతు నొప్పి త్వరగా పోవాలని మీరు అడిగి వేయించుకునేవి కావు.

ఇక ఫుట్‌బాల్. నన్ను పడుకోబెట్టి, ఊపిరి గట్టిగా పీల్చమని, ఎడమ పక్కటెముకల అంచు కింద వేళ్లు పెట్టి చూశారు డాక్టర్. అక్కడుండే స్ప్లీన్, అంటే ప్లీహం, మామూలుగా పక్కటెముకల చాటున ఉండి చేతికి తగలదు. మోనోలో అది పెరిగి కిందికి దిగుతుంది, మెత్తబడుతుంది, దెబ్బ తగిలితే చిట్లి లోపలే రక్తం పోతుంది. వందలో ఒకరికి కూడా జరగదు కానీ జరిగితే ప్రాణం మీదికొస్తుంది, ఒక్కోసారి దెబ్బేమీ తగలకుండానే జరుగుతుంది కూడా. ఎక్కువగా మొదటి మూడు, నాలుగు వారాల్లోనే. అందుకని జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం మూడు వారాలు పరుగులు, బరువులు ఏవీ వద్దు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలకైతే ఇంకా ఆగమనే చాలామంది డాక్టర్లు చెప్తారు. మీవాడు జట్టుకి మాటిచ్చానంటాడు, కోచ్ ఫోన్ చేస్తాడు, మీరు కాస్త కఠినంగానే ఉండండి. ఇంట్లో ఎవరూ పొట్ట నొక్కి చూడొద్దు. ఉన్నట్టుండి ఎడమవైపు పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, ఆ నొప్పి ఎడమ భుజానికి పాకినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా ఎమర్జెన్సీకే, రేపు చూద్దాం అనుకోకండి.

ఒకవేళ డాక్టర్ సరేనన్నా, ఒంట్లో ఆ ఓపిక ఉండాలి కదా. జ్వరం, గొంతు రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి గానీ నీరసం కొందరికి నెలల తరబడి ఉంటుంది. నాకైతే ఒక రోజు హుషారుగా తిరిగితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేకపోయేవాణ్ణి. అలాగని రోజంతా పడుకోబెట్టకండి, కొంచెం నడవనిచ్చి, అలసట కనిపించగానే కూర్చోబెట్టండి. చదువుకునేవాడైతే కాలేజీలో ముందే చెప్పి ఉంచండి, బద్ధకం అనుకుంటారు.

అంటుకోవడం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఇది ఉమ్మి ద్వారా పాకుతుంది, కాబట్టి ఎంగిలి గ్లాసులు, చెంచాలు, బ్రష్‌లు కలవకుండా చూస్తే చాలు, వేరే గదిలో పెట్టాల్సిన పని లేదు. అమ్మానాన్నలకి ఎప్పుడో వచ్చి పోయే ఉంటుంది. చిన్నపిల్లలకి సోకినా మామూలు జలుబులా పోతుంది. ఎవరి దగ్గర అంటించుకున్నాడో అని వాణ్ణి నిలదీయకండి, వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పైగా తగ్గినవాళ్ల ఉమ్మిలో కూడా నెలలపాటు ఉంటుంది. ఇంట్లో ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి, వాళ్ల విషయంలో ఇంత తేలిగ్గా తీసుకోవడానికి లేదు.