పిల్లకు జ్వరమొస్తే ఇంటికి వైద్యం చేశారు

'టీకాలు, యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో లండన్ లాంటి ఊళ్లో పిల్లల అంటురోగాలను ఎలా అదుపు చేశారు?' అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు, లండన్‌లో ఉద్యోగం చేసుకునే హైదరాబాదీని. కానీ నా అభిప్రాయం మాత్రం గట్టిది: ఆ పిల్లల్ని మందులకంటే ముందు మునిసిపాలిటీ కాపాడింది.

2022 డిసెంబరులో మా పాపకి ఒళ్లంతా ఎర్రగా పేలితే స్కార్లెట్ ఫీవర్ అనే అంటుజ్వరం అన్నారు. ఆ నెలంతా ఇక్కడ అదే గోల, ఏ మందుల షాపుకెళ్లినా పెన్సిలిన్ సిరప్ అయిపోయిందనేవాళ్లు. ఎలాగో దొరికింది. మందు మొదలెట్టి ఒక్కరోజు గడిస్తే బడికి పంపొచ్చన్నారు. ఈ మాట మా పక్కింటి పెద్దావిడతో అంటే, 'నన్ను ఆరు వారాలు ఉంచేశారు' అంది.

ఆవిడకి తొంభై దాటాయి, పెరిగింది లండన్‌లోనే ఫిన్స్‌బరీ అనే పేటలో. రెండో ప్రపంచయుద్ధానికి కాస్త ముందు ఇదే జబ్బు వస్తే ఎర్ర దుప్పటి చుట్టి అంబులెన్స్‌లో ఫీవర్ ఆస్పత్రికి తీసుకెళ్లారట, అంటే మన నల్లకుంట కోరంటి దవాఖానా లాంటిది. తల్లిని లోపలికి రానివ్వరు, కిటికీ అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపి వెళ్లిపోవాలి. ఇంటికి పంపేటప్పుడు బొమ్మను తీసుకెళ్లనివ్వలేదు, ఆ కోపం ఆవిడకి ఇప్పటికీ ఉంది. ఈలోపు కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, మనుషులు వచ్చి పరుపులు, దుప్పట్లు ఆవిరి పట్టించడానికి బండిలో వేసుకుపోయి, తలుపు సందులకు కాగితం అంటించి గదికి పొగబెట్టారు. వీధంతా చూస్తుంటే అమ్మకి తలకొట్టేసినట్టయిందట. ఒకే గదిలో అందరూ పడుకునే ఇళ్లు మరి, ఒక పిల్లకి వస్తే మిగతావాళ్లకీ ఖాయం.

ఆ ఫిన్స్‌బరీలో పబ్లిక్ హెల్త్ కమిటీ ఛైర్మన్ ఎవరనుకున్నారు? పంజాబ్‌లో పుట్టి లాహోర్‌లో డాక్టరీ చదివిన చున్నీలాల్ కటియాల్. 1931లో గాంధీగారు చార్లీ చాప్లిన్‌ని కలిసింది ఈయన ఇంట్లోనే. ఆ ఫొటో మనకి తెలుసు, ఆ ఇంటాయన తెలియదు! 1938లో మేయర్ కూడా అయ్యాడు. అదే ఏడాది తెరిచిన ఫిన్స్‌బరీ హెల్త్ సెంటర్‌లో క్షయ క్లినిక్, పళ్ల డాక్టరు, పక్కబట్టలు శుద్ధి చేసే విభాగం అన్నీ ఒకే కప్పు కింద పెట్టారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: ఇంటిని శుద్ధి చేస్తున్నంతసేపూ ఆ కుటుంబం ఉండటానికి అక్కడే ఫ్లాట్లు కట్టారు. పొగబెట్టినప్పుడు జనం ఎక్కడికి పోతారని ఆలోచించిన అధికారిని మీరెప్పుడైనా చూశారా? స్వాతంత్ర్యం వచ్చాక ఈయన మన ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కి డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. ఈఎస్‌ఐ క్యూలో గంటలకొద్దీ నిలబడ్డవాళ్లెవరూ నమ్మరనుకోండి.

టీకాలు లేని రోజులన్నారు గానీ అది పూర్తిగా నిజం కాదు. కంఠసర్పి, అదే డిఫ్తీరియాకి టీకా 1920ల్లోనే ఉంది. కెనడాలో టొరంటో, హామిల్టన్ అప్పుడే పిల్లలకి విరివిగా వేసేశాయి. బ్రిటన్‌లో మాత్రం వేయాలా వద్దా అన్నది ఏ ఊరి కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్‌దే ఇష్టం, ఖర్చూ వాళ్లదే. అలా నాన్చుతూ ఉంటే 1930ల్లో ఏటా మూడు వేలమంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలే. దేశమంతా టీకా వేయడం మొదలైంది 1940 చివర్లో. పదేళ్లకి మరణాలు వందలోపుకి దిగాయి. ఇది నా మునిసిపాలిటీ వాదనకి అడ్డొస్తుందని తెలుసు. అయినా టీకా వేయాల్సింది కూడా మునిసిపాలిటీయే కదా, నేను వెనక్కి తగ్గను.

కనీసం అప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి గోడలు చూసేవాడు. మా పాప గదిలో చెమ్మకి నల్లగా బూజు పట్టిందని ఇంటి ఓనర్‌కి ఫొటోలతో సహా మెయిల్ పెడితే, కిటికీలు తెరిచి ఉంచండి, గదిలో బట్టలు ఆరేయకండి అని జవాబిచ్చాడు. జనవరిలో!