ఏడాదికి జిమ్ ఫీజు కట్టాను, వెళ్లడం కుదరట్లేదు. మధ్యలో రద్దు చేసుకోవచ్చా?

మీరు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఏడాదికి జిమ్ తీసుకున్నారు. నాలుగు నెలలు వెళ్లాక విశాఖకు బదిలీ అయింది. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు అడిగితే జిమ్ వాళ్లు ఇవ్వం, కావాలంటే 3,000 కట్టి ఇంకొకరి పేరుకు మార్చుకోండి అన్నారు. ఇక్కడ నెలనెలా ఖాతాలో డబ్బు కట్ అవుతూనే ఉంది, బ్యాంకుకు చెప్పి ఆపేయించనా అని అడిగారు.

అప్పుడే ఆపొద్దండీ. ముందు ఆ కట్ అవుతున్నది జిమ్‌కు పోతుందా, ఫైనాన్స్ కంపెనీకి పోతుందా చూడండి. అది తేలకుండా ఆపించినవాళ్ల అవస్థ మా ఇంట్లోనే చూశాను. రెండోది, వెళ్లడం మానేస్తే రద్దు అయినట్టు కాదు. రద్దు చేసుకుంటున్నానని తేదీ వేసి రాసి పంపిన రోజు నుంచే మీ లెక్క మొదలవుతుంది. నేను ఈ రెండూ తెలియక కొన్నాళ్లు ఊరికే ఉండిపోయాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ఒంగోలు, లాయర్‌పేట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2023లో మూడు నెలల షుగర్ టెస్టు చేయిస్తే 6.2 వచ్చింది. ఇంకా షుగర్ రాలేదు గానీ అంచున ఉన్నావమ్మా, ఒళ్లు కదిలించాలి అన్నారు డాక్టరు గారు. కర్నూలు రోడ్డు వైపు ఒక జిమ్‌లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆడవాళ్లకు విడిగా బ్యాచ్ ఉందన్నారు. పిల్లలు బడికి పోయాక నాకు దొరికేది ఆ రెండు గంటలే. జూన్ 5న చేరాను. ఏడాదికి 15,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,700, మొత్తం 17,700. ఆ 2,700 అక్కడే కట్టాను. మిగతా 15,000 పది నెలల ఈఎంఐ, నెలకు 1,500, వడ్డీ లేదన్నారు. ఆధార్, పాన్ తీసుకుని ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగారు, చెప్పాను. అది ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు అని ఒక్కరూ అనలేదు. 'ఇన్‌స్టాల్‌మెంట్ అక్కా' అన్నారంతే.

రెండు నెలలు బాగానే వెళ్లాను. ఆగస్టు 10న వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, 16 నుంచి లేడీస్ బ్యాచ్ ఉండదు, అందరికీ పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి పది అని. పొద్దున క్యారేజీలు, సాయంత్రం పిల్లల చదువులు. ఆ వేళల్లో నేనెట్టా వెళ్లను? వెళ్లడం మానేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పది రోజులు అట్టాగే గడిచాయి.

ఆగస్టు 26న మా ఆయనతో కలిసి వెళ్లి అడిగాను. కౌంటర్లో కుర్రాడు బిల్లు తిప్పి చూపించాడు. వెనకవైపు లేత బూడిద రంగులో, సూదిలో దారం ఎక్కించడం అలవాటైన నా కంటికే ఆనని అక్షరాలతో పద్నాలుగు షరతులు. తొమ్మిదోది, 'ఒకసారి చెల్లించిన రుసుము ఏ పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.' "రూల్ అక్కా, నా చేతుల్లో ఏం లేదు. కావాలంటే ఆరు నెలలు ఫ్రీజ్ చేస్తాను" అన్నాడు. ఆ వేళలు నాకు ఆరు నెలల తర్వాత మాత్రం ఎట్టా కుదురుతాయి బాబూ అని, తెచ్చిన కాగితం ఇచ్చి రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు.

సోమవారం పొద్దున అదే కాగితం పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి పంపాను. 31న ఆ కార్డు వెనక్కి వచ్చింది. దాని మీద జిమ్ ముద్ర, ఆ కుర్రాడి సంతకం. కౌంటర్లో పెట్టని సంతకం పోస్ట్‌మ్యాన్ దగ్గర పెట్టాడు! (2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు మీరు స్పీడ్ పోస్టే చేసి, అందినట్టు రుజువు కావాలని కౌంటర్లో అడగండి. రసీదు పారేయొద్దు.) దాంతోపాటు జిమ్ మెయిల్‌కు, వాట్సాప్‌కు ఫొటో తీసి పంపాను.

అందులో రాసింది ఇదీ:

"అయ్యా, 05-06-2023న మీ జిమ్‌లో ఏడాది సభ్యత్వం తీసుకున్నాను. బిల్లు మొత్తం 17,700 రూపాయలు. ఉదయం 11 నుంచి 1 వరకు మహిళల బ్యాచ్ ఉందని చెప్పినందువల్లే చేరాను. 16-08-2023 నుంచి ఆ బ్యాచ్ మీరే తీసేశారు. మీ మెసేజ్ కాపీ జతచేశాను. ఈ లెటర్ తేదీ నుంచి నా సభ్యత్వం రద్దు చేసుకుంటున్నాను. వాడుకున్న కాలానికి తగిన మొత్తం మినహాయించుకుని, మిగిలినది ఫైనాన్స్ కంపెనీకి తిప్పి పంపి నా లోన్ మూయించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను."

అంతే. కోపం చాలా ఉంది గానీ కాగితం మీద పెట్టలేదు. రేపు ఇది కమిషన్ ముందుకు వెళితే చదివేది వాళ్లు గదా.

ఇక ఈఎంఐ సంగతి. బ్యాంకుకెళ్లి ఆటో డెబిట్ ఆపించేద్దాం అని మా ఆయన కూడా అన్నారు. మా ఆడపడుచు ఒక కోచింగ్ సెంటర్ విషయంలో అదే చేసింది. మనం చేరిన రోజే ఫైనాన్స్ వాళ్లు మొత్తం డబ్బు ఆ సెంటర్‌కు ఇచ్చేసి ఉంటారు, మనం తీర్చేది ఫైనాన్స్ వాళ్ల అప్పు. సెంటర్ వాళ్లతో గొడవుందంటే వాళ్లకు పట్టదు. పెనాల్టీలు పడ్డాయి, రోజుకు ఆరేడు ఫోన్లు, సిబిల్ స్కోరు పడిపోయి తర్వాత బంగారం లోన్‌కు పోయినా బ్యాంకులో అదే అడిగారు. ఖాతాలో డబ్బు చాలక ఆటో డెబిట్ వెనక్కి పోతే చెక్కు బౌన్స్ లాగానే కేసు పెట్టే వీలు కూడా చట్టంలో ఉంది, చెల్లింపుల వ్యవస్థల చట్టం 2007, 25వ సెక్షన్. అందుకని సెప్టెంబర్ 5న మూడో ఈఎంఐ కూడా కట్టనిచ్చాను. ఫైనాన్స్ కంపెనీకి మాత్రం అదే లెటర్ కాపీ మెయిల్ చేసి, ఈ సేవ రద్దు చేసుకున్నాను, జిమ్ నుంచి తిరిగి రాబట్టుకోండి అని రాసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను.

మీది అప్పు కాకుండా యూపీఐ ఆటోపే అయితే వేరే కథ. కందుకూరులో మా తమ్ముడిది అట్టాంటిదే, నెలకు ఇంత అని జిమ్‌కే నేరుగా పోయేది. డబ్బు కట్ అయ్యే ముందు 24 గంటలకు తక్కువ కాకుండా మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం. వాడు ఆ మెసేజ్ చూసి, యాప్‌లో ఆటోపే అని ఉన్నచోట రద్దు నొక్కాడు, అయిపోయింది. వాడిది ఏ నెలకానెల ఒప్పందం కాబట్టి సరిపోయింది. కనీసం ఏడాది ఉండాలని మీరు సంతకం పెట్టి ఉంటే ఆటోపే ఆపినా ఒప్పందం మిగిలే ఉంటుంది, లెటర్ మాత్రం పంపాల్సిందే.

పదిహేను రోజులు చూశాను, జవాబు లేదు. 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడారు. బిల్లు, మెసేజ్, పోస్టు కార్డు ఫొటోలు అప్‌లోడ్ చేయించారు. వాళ్లు కోర్టు కాదు, తీర్పు ఇవ్వరు, మన ఫిర్యాదును అవతలి వాళ్లకు పంపి జవాబు అడుగుతారు. అయినా తేడా వచ్చింది. పదకొండో రోజున జిమ్ ఓనరు గారే ఫోన్ చేశారు. "ఇంత చిన్న విషయానికి అంత దూరం ఎందుకమ్మా" అన్నారు. చిన్న విషయమైతే నెల రోజులు జవాబెందుకు ఇవ్వలేదండీ అన్నాను.

లెక్క దగ్గర కాసేపు నలిగింది. నా లెక్కలో 17,700ను పన్నెండుతో భాగిస్తే నెలకు 1,475, మూడు నెలలకు 4,425. ఆయన లెక్క వేరే, ఏడాది కట్టేవాళ్లకే ఆ తగ్గింపు, విడిగా నెల ధర 2,000, జీఎస్టీతో 2,360, మూడు నెలలకు 7,080. తేడా 2,655. తప్పు వాళ్లది కాబట్టి పట్టుబడితే అదీ వచ్చేదేమో. నాకు అక్టోబర్ 5 ఈఎంఐ లోపు తేలడం ముఖ్యమనిపించి ఒప్పుకున్నాను. 17,700లో 7,080 పోగా 10,620. అందులో మిగిలిన లోన్ 10,500 ఫైనాన్స్ వాళ్లకు తిప్పి పంపారు. నా ఫోన్‌పేకు 120 రూపాయలు వచ్చాయి. ఆ 120 చూసి మా ఆయన నవ్వారు గానీ, ఏడు ఈఎంఐలు తప్పాయి నాకు. లోన్ మూసినట్టు నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకున్నాను. రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టులో మూసినట్టే ఉందో లేదో చూసుకున్నాను, ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితమే.

మీ విషయంలో ఒక తేడా ఉంది, దాచకుండా చెబుతాను. నాకు చేరేటప్పుడు చెప్పిన బ్యాచ్ వాళ్లే తీసేశారు, అది సేవాలోపం. మీ జిమ్ తెరిచే ఉంది, బదిలీ అయింది మీకు. కాబట్టి ఎనిమిది నెలల డబ్బూ పైసా తగ్గకుండా వస్తుందని నేను అనను. కానీ ఒక్క రూపాయి కూడా ఇవ్వం అనే షరతుకు మీరు తలవంచాల్సిన పని కూడా లేదు. ఒప్పందం మధ్యలో వదిలేస్తే ఇంత అని ముందే రాసుకున్నా, అవతలివాళ్లకు దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే అని 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటుంది. బదిలీ ఆర్డరు జతచేసి, నాలుగు నెలలకు వాళ్ల నెలవారీ ధర పట్టుకుని మిగతాది ఇవ్వమని అడగండి. న్యాయమైన బేరం అది. మీ బిల్లు 2025 సెప్టెంబర్ 22 తర్వాతదైతే జీఎస్టీ ఎంత వేశారో కూడా చూడండి, జిమ్‌లకు ఆ రోజు నుంచి 18 పోయి 5 శాతం అయింది. మీ స్నేహితులెవరైనా నిజంగా చేరాలనుకుంటుంటే పేరు మార్పిడి కూడా చెడ్డదేం కాదు, ఆ 3,000 షరతుల్లో రాసి ఉందా అని మాత్రం అడగండి. రాసి లేకపోతే ఎందుకు కట్టాలని గట్టిగా అడగొచ్చు.

అప్పటికీ వినకపోతే వినియోగదారుల కమిషన్. దీనికోసం మీరు విశాఖ నుంచి నెల్లూరు రానక్కర్లేదు. 2019 చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చినప్పటి నుంచి మనం ఉండేచోట, పని చేసేచోట కూడా ఫిర్యాదు వేసుకోవచ్చు. మనం కట్టినది 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఫిర్యాదులో 'అన్యాయమైన ఒప్పందం' అని పెద్ద మాట రాయమని మీకు ఎవరైనా చెప్పవచ్చు, నాకూ చెప్పారు. ఆ పేరుతో వేసే ఫిర్యాదులు చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. జిల్లాలో వేసేటప్పుడు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలు వాడండి.

మీరు ఆఖరిసారి జిమ్‌కు వెళ్లిన తేదీ వాళ్ల వేలిముద్ర మెషీన్‌లో ఉంటుంది. యాప్ ఉంటే ఆ హాజరు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి, సభ్యత్వం మూసేశాక అది కనిపించకపోవచ్చు. మీ ఖాతా స్టేట్‌మెంట్‌లో డబ్బు ఎవరి పేరుతో పోతుందో, బిల్లు వెనక షరతుల్లో రద్దు గురించి ఏముందో చెప్పండి. నా లెటర్‌నే మీకు తగ్గట్టు మార్చి రాసిస్తాను, ఈ వారంలో పోస్టు చేసేయండి.