మా ల్యాబ్రడార్‌కు ఎనిమిదేళ్లు, ఇంకా చాలా ఏళ్లు మాతో ఉండాలంటే ఏం చేయాలి?

మీవాడు 41 కిలోలు ఉన్నాడని రాశారు. ముందు ఆ బరువు సంగతే చెబుతాను. మా చింటూ విషయంలో మేం చేసిన తప్పు అదే.

వాడూ ల్యాబ్రడారే. అమ్మ భోజనానికి కూర్చుంటే ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చునేవాడు. చివరి పెరుగన్నం ముద్ద వాడిదే. నాన్న బిస్కెట్లు, తమ్ముడు ఆమ్లెట్ ముక్క... ఎవరికి వాళ్లం 'ఒక్కటేగా' అనుకుంటూ పెట్టేవాళ్లం. తొమ్మిదో ఏట వెనక కాళ్లు పట్టేశాయి. టైల్స్ మీద లేవబోయి జారిపోతూ మా మొహాల్లోకి చూసేవాడు. పదేళ్లు నిండకుండానే పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ చివరి ముద్ద కంచంలోనే వదిలేసి లేచేది.

అమెరికాలో 48 ల్యాబ్రడార్లను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. అది చదివిన రోజు చింటూ ఫొటో ముందు కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మల్లి, వీధిలో దొరికిన నాటు కుక్క, పదమూడేళ్లు. వారానికోసారి దాని పక్కటెముకల మీద అరచేత్తో నిమిరి చూస్తాను. గట్టిగా నొక్కకుండానే ఎముకలు చేతికి తెలియాలి. కొలత గిన్నె ఒకటే, పెట్టే మనిషీ ఒకరే. అమ్మ ముద్ద మాత్రం ఆపలేదు, ఇప్పుడది ఉడికించిన క్యారెట్ ముక్క. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో రోజూ చూస్తాం. తిండి మానేసి నీరసంగా పడుకుంటే ఆ గోమార్ల వల్ల వచ్చే జ్వరం, టిక్ ఫీవర్ కావచ్చు, రక్త పరీక్ష ఆలస్యం చేయకండి.

ఆయుష్షు పెంచే మందు గురించి కూడా అడిగారు. లాయల్ అనే అమెరికా కంపెనీ పదేళ్లు దాటిన కుక్కల కోసం ఒక మాత్ర తయారు చేస్తోంది. అది పనిచేస్తుందని ఆశించడానికి ఆధారం ఉందని 2025 ఫిబ్రవరిలో అక్కడ మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. నాకూ దాని మీద చాలా ఆశ ఉంది. కానీ మీవాడి గిన్నె ఈరోజే మీ చేతిలో ఉంది. డాక్టరు గారి దగ్గర తూకం వేయించి, ఎంత తగ్గాలో అడగండి. థైరాయిడ్ కూడా చూడమనండి. తిండి మాత్రం ఒక్కసారిగా కోసేయకండి, మెల్లగా తగ్గించండి.