పల్లె చర్చీలను కలిపే జియోక్యాషింగ్ నడక

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి, పల్లెల్లోని పాత చర్చీలను కలుపుతూ బయలుదేరిన చోటికే తిరిగివచ్చే జియోక్యాషింగ్ (ఫోన్ చూపే స్థానాన్ని బట్టి ఎవరో దాచిన డబ్బాలను వెతికే ఆట) నడకకు మమ్మల్ని రమ్మంటోంది. సమాధుల మధ్య డబ్బాల కోసం వెతకడం అపచారం కాదా?

జవాబు: మీ సంకోచం సముచితమైనదే, కానీ ఇలాంటి నడకల్లో చాలావరకు డబ్బాను సమాధుల దగ్గర దాచరు. చర్చి బోర్డు మీది అంకెలను, యుద్ధస్మారకం మీద చెక్కిన సంవత్సరాలను రాసుకుని, ఇచ్చిన లెక్క ప్రకారం అక్షాంశ రేఖాంశాలలోని ఖాళీలను పూరిస్తే, ఆవరణ బయట ఏ కంచె స్తంభం వెనుకనో ఉన్న చిన్న డబ్బా స్థానం తెలుస్తుంది. అక్కడ ఒక్క అంకె తప్పినా పొలంలోకి దారి తీస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసిందనే ధీమాతో రాయిని చూడకుండా లెక్క వేయకండి. వెర్సాయ్ సంధి జరిగిన 1919నే ముగింపుగా చెక్కిన స్మారకాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఈ ఆగి చదవడమే నడకకు ప్రాణమని నా అభిప్రాయం.

దట్టమైన చెట్ల కింద ఫోన్ చూపే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది కనుక చుట్టుపక్కల కూడా చూడండి, అయితే గోడ రాళ్లను మాత్రం కదపకండి. దారికి ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి 1:25,000 పటం తీసుకోండి. అందులో ఆకుపచ్చ గీతలుగా చూపిన కాలిబాటల మీద, అవి ప్రైవేటు పొలాల గుండా పోయినా, నడిచే హక్కు అందరికీ ఉంది. పొలం గేట్లు మూసి ఉంటే మళ్లీ మూయండి, తెరిచి ఉంటే అలాగే వదలండి. ఆదివారం ఉదయం ప్రార్థన వేళ, అంత్యక్రియలు జరుగుతున్నప్పుడు ఆ చర్చిని దాటి ముందుకు సాగండి.